సాయంత్రమైతే గుయ్‌మనే హెడ్‌ఫోన్

"అల్లుడుగారూ, మళ్ళీ గుయ్‌మంటోందట! మీ మామయ్య హెడ్‌ఫోన్ తీసి సోఫా మీద పడేశారు. రిమోట్ నొక్కీ నొక్కీ వేళ్ళు నొప్పెడుతున్నాయని నా మీద కేకలు!"

ఫోన్‌లో మా అత్తగారు. మంగళవారం, సాయంత్రం ఆరుంబావు. వారం తిరక్కుండా ఇది మూడోసారి.

ఆదివారంలోగా దీన్ని బాగుచేసి తీరాలి. ఎందుకంటే ఆ రోజు సాయంత్రం ఆరున్నరకు టీవీలో మా అమ్మాయి పాట ఉంది. పిల్లల కార్యక్రమం. ఒక్కసారే వేస్తారు. పదకొండేళ్ళ మనవరాలి గొంతు మామగారు ఇంతవరకూ సరిగ్గా విన్నది లేదు. అది పుట్టేనాటికే ఆయన చెవులు పోయాయి.

నేను టీవీ మెకానిక్‌ని. మా మామగారు మరమగ్గాల మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. ఆ మోత ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. టీవీ సౌండు ఎంత పెంచినా వీధి చివరివాళ్ళకు వినపడేది కానీ, ఆయనకు మాత్రం మాటలన్నీ ముద్దైపోయి ఒకటే మోతగా చేరేవి. రెండేళ్ళ కిందట నేను ఆయన కోసం ఒక పెట్టె తయారుచేశాను. అది టీవీ మీద కూర్చుంటుంది. రిమోట్‌లోంచి వచ్చేలాంటి, కంటికి కనపడని వెలుతురు దాంట్లోంచి వస్తుంది. టీవీలో మాటల్ని మోసుకెళ్ళి హెడ్‌ఫోన్ నుదుటిపట్టీ మీదున్న నల్లటి కిటికీలో వేస్తుంది. అక్కణ్ణుంచి సూటిగా చెవిలోకి.

మొదటి రోజు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆయన అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "వార్తలు చదివేవాడికి జలుబు చేసింది" అన్నారు.

అప్పట్నుంచి ఎవరొచ్చినా ఒకటే మాట, "మా పెద్దల్లుడు నా చెవి." ఆ మాటతో నేను రెండేళ్ళు తల ఎత్తుకు తిరిగాను.

అప్పుడు దిగాడు మా తోడల్లుడు. మా మరదలి మొగుడు. వీధిలో అందరూ వాణ్ణి 'తళుకు' అంటారు. తెల్ల చొక్కా, తెల్ల పళ్ళు, కొత్తగా పెట్టిన లైట్ల దుకాణం. కరెంటు ఆదా చేసే బల్బులట. జిలేబీలా మెలికలు తిరిగిన గొట్టాలు. చుట్టాలందరికీ తలా రెండు పంచిపెట్టాడు. మామగారింటికి మాత్రం ఎనిమిది! దగ్గరుండి గదిగదికీ తనే బిగించాడు. స్విచ్చి వేసేసరికి హాలంతా పట్టపగలైపోయింది. మామగారు చుట్టూ ఒకసారి చూసి, నవ్వి, నా ముందే అన్నారు.

"చిన్నల్లుడు నా కన్ను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రాత్రింబవళ్ళు కూర్చుని చేసిన పెట్టె ఎక్కడ, అట్టపెట్టెలోంచి తీసి తిప్పిన బల్బెక్కడ! ఆ రాత్రే మా వంటింట్లో మా ఆవిడ పెట్టిన బల్బు పీకి కొట్టుకు తీసుకెళ్ళి, అటక మీద పడేశాను. నా ఇంట్లో, నా కొట్లో వాడి బల్బు వెలగదు. నా బల్ల మీద పాత పసుప్పచ్చ బల్బే ఉంటుంది. వేడికి నెత్తి మాడినా సరే.

సరిగ్గా ఆ తర్వాతే మామగారి హెడ్‌ఫోన్ గుయ్‌మనడం మొదలైంది.

* * *

బుధవారం పొద్దున్నే పెట్టెనూ, హెడ్‌ఫోన్‌నూ, రిమోట్‌నూ కొట్టుకు తెచ్చాను. విప్పాను. తుడిచాను. అతుకులన్నీ మళ్ళీ వేశాను. చీకటి పడేదాకా నా బల్బు కింద కూర్చుని విన్నాను. గుయ్ లేదు, గొణుగుడు లేదు. గొంతు చించుకుని క్రికెట్ వ్యాఖ్యానం చెప్పేవాడు మధ్యలో నీళ్ళు తాగితే ఆ గుటక కూడా వినపడింది. రిమోట్ నొక్కితే కొట్లో ఉన్న అదే రకం టీవీలో, గది అవతలి చివర నుంచి కూడా చానెల్ మారింది.

మర్నాడు పట్టుకెళ్ళి బిగించాను. మధ్యాహ్నం రెండింటికి మామగారు హాయిగా విన్నారు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ ఫోన్.

"గుయ్‌మంటోంది బాబూ."

"అత్తయ్యగారూ, ఒక్క మాట. సాయంత్రంపూట ఎవరైనా వస్తున్నారా ఇంటికి?"

"ఎవరొస్తారు? చిన్నల్లుడొక్కడే. దుకాణానికి వెళ్తూ దార్లో ఒక అడుగు వేస్తాడు. రోజూ ఆరింటికి. బల్బులన్నీ బాగా వెలుగుతున్నాయా అని చూసి వెళ్తాడు. మనిషి బంగారం."

బంగారం! పట్టుకున్నాననుకున్నాను. పగలంతా బాగుంటుంది. ఆరింటికి వాడొస్తాడు. ఆరింటికే చెడుతుంది. చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. వాడు ఆ ఇంట్లో కాలు పెట్టాకే నా పెట్టెకు జబ్బు చేసింది. అంటే వాడే నా పెట్టె విప్పుతున్నాడు.

వాడి చేతుల్ని అనుమానించాను. ఆ చేతులు బిగించి వెళ్ళినదాన్ని అనుమానించాలని తట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా మెకానిక్‌ని, నాకు తట్టలేదు.

ఆ రాత్రి మా ఆవిడ అద్దం ముందు నుంచి చిన్న సీసా ఒకటి జేబులో వేసుకున్నాను. ఆవిడ కళ్ళు పడనే పడ్డాయి.

"నా గోళ్ళరంగు ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"మీ నాన్న టీవీకి."

"దానికి గోళ్ళు మొలిచాయా?"

"పెట్టె స్క్రూల మీద తలా ఒక చుక్క వేస్తాను. ఎవడైనా విప్పితే రంగు పగులుతుంది. దొంగ దొరుకుతాడు."

"దొంగెవరు?"

ఆవిడ నడుము మీద చేతులేసుకుంది.

"మా చెల్లెలి మొగుడేగా? అతన్ని చూస్తే మీకెందుకండీ అంత కడుపుమంట? పాపం, 'అన్నయ్యా, అన్నయ్యా' అంటూ మీ వెనకాలే తిరుగుతాడు."

"అదే నా భయం. వెనకాల ఏం చేస్తున్నాడో చూడాలిగా."

"సీసా మూత గట్టిగా పెట్టండి, ఎండిపోతుంది. దొంగ సంగతి మీ ఇష్టం."

శుక్రవారం పొద్దున్న నాలుగు స్క్రూల మీదా నాలుగు ఎర్రచుక్కలు పెట్టి వచ్చాను. సాయంత్రం అయిదున్నరకే మామగారింటికి ఎదురుగా ఉన్న లాండ్రీలో, వేలాడదీసిన చొక్కాల వెనక నిలబడ్డాను.

ఇస్త్రీపెట్టె ఆపి లాండ్రీ మనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "మెకానిక్ గారూ, మీ మామగారింటికి వెళ్ళడానికి నా కొట్లోంచి దారి లేదండీ."

"మాట్లాడకు. పని మీదున్నాను."

"సరే. ఆ నీలం చొక్కా మాత్రం నలపకండి. ఇప్పుడే చేశాను."

ఆరు కావడానికి అయిదు నిమిషాలుండగా స్కూటర్ చప్పుడు. తళుకు దిగాడు. క్రాపు దువ్వుకున్నాడు. లోపలికెళ్ళాడు. హాల్లో లైటు భగ్గున వెలిగింది. కిటికీలోంచి అంతా స్పష్టంగా కనపడుతోంది. మామగారు సోఫాలో ఉన్నారు. అత్తగారు లోపలికి వెళ్ళింది. వాడు చటుక్కున టీవీ ముందుకు వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు. చేతిలో నల్లగా ఏదో ఉంది. దాన్ని సూటిగా నా పెట్టెకేసి గురిపెట్టాడు.

నేను నీలం చొక్కాతో సహా రోడ్డు దాటాను.

"చెయ్యి దించు!"

వాడు అదిరిపడ్డాడు. నేను ఆ వస్తువు లాక్కున్నాను. వెనక్కి తిప్పి చూశాను. బ్యాటరీల మూత ఊడిపోకుండా నేనే వేసిన టేపు. అది మామగారి రిమోటే.

"మామయ్యగారు చానెల్ మార్చమన్నారన్నయ్యా" అన్నాడు వాడు బిక్కమొహంతో. "ఎంత నొక్కినా మారట్లేదు. అవునూ, నీ మెడలో ఆ చొక్కా ఎవరిది?"

చొక్కా తీసి కుర్చీ మీద వేశాను. పెట్టె వెనక చూశాను. నాలుగు ఎర్రచుక్కలూ పొద్దున్న పెట్టినట్టే ఉన్నాయి. వీసమెత్తు పగుల్లేదు. హెడ్‌ఫోన్ తీసుకుని నా తలకు తగిలించుకున్నాను. వార్తలు చదివే గొంతు ఎక్కడో అడుగున ఉంది. దాని మీద గుయ్‌మంటూ ఒకటే రొద.

"పాతదైపోయిందేమోలే అన్నయ్యా..." తళుకు హాలు మధ్యలో, లైటు కింద నిలబడి అన్నాడు.

'పాతది' అన్న మాట వినగానే ఒళ్ళు మండి వాడి వైపు విసురుగా తిరిగాను.

చెవిలో గుయ్ ఒక్కసారిగా కీచుమంది!

ఆగాను. టీవీ వైపు తిరిగాను. తగ్గింది. వాడి వైపు తిరిగాను. పెరిగింది. మెల్లగా గడ్డం పైకెత్తాను. నుదుటి మీద కిటికీ బల్బుకు సూటిగా వచ్చింది. చెవిలో కందిరీగ దూరినట్టైంది.

"ఏంటి బాబూ, మెడ పట్టేసిందా?" వంటింటి గుమ్మంలోంచి అత్తగారు.

మెడ కాదు, దొంగ పట్టుబడ్డాడు. ఆ మెలికల బల్బు! నా పెట్టె ఏ కనపడని వెలుతురుతో మాట్లాడుతుందో, అదే వెలుతురు దీన్లోంచీ కారుతోంది. సెకనుకు వేలసార్లు కొట్టుకుంటూ మధ్యలో దూరి అరుస్తోంది. ఆ అరుపులో రిమోట్ మాట టీవీకి వినపడదు, పెట్టె మాట హెడ్‌ఫోన్‌కు వినపడదు. పగలు బల్బు వెయ్యరు కాబట్టి పగలు జబ్బు లేదు.

నోరు తెరిచాను. "ఆ బల్బు ఆర్పండి." అంతే అనాల్సింది. సరిగ్గా అప్పుడే తళుకు మామగారి ముందుకు వంగి, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"ఆదివారానికి మా ఫ్రెండు దగ్గర పెద్ద టీవీ ఉంది మామయ్యగారూ. ఇంత పెద్ద స్పీకర్లు. తెచ్చి పెట్టేస్తాను. మనవరాలి పాట మీరు వినాల్సిందే."

మామగారు తలూపారు. నా వైపు తిరిగి మెల్లగా, "అది తీసుకుపో అల్లుడూ. పెట్టుకుంటే తలనొప్పి వస్తోంది" అన్నారు.

తెరిచిన నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? 'అలాగా' అంటారు. వాడు లైటు ఆర్పుతాడు. వాడిది తప్పని ఎవరికీ అనిపించదు. అదే ఆదివారం అయితే? ఇంటిల్లిపాదీ ఉంటారు. వాడి స్పీకర్లు మోతెక్కిపోతాయి, ఆయనకు ఒక్క ముక్క వినపడదు. అప్పుడు నేను లేచి, వాడి బల్బు ఆర్పి, నా హెడ్‌ఫోన్ ఆయన తలకు పెడతాను.

"అలాగే మామయ్యగారూ" అని హెడ్‌ఫోన్ సంచిలో వేసుకున్నాను. ఇంటికి వెళ్ళేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.

* * *

శనివారం కొట్లో తలుపు దగ్గరగా వేసి, అటక మీద బల్బు దించి బల్ల మీద వెలిగించాను. హెడ్‌ఫోన్ కీచుమంది. బాగుచెయ్యడానికి వచ్చిన టీవీ ఒకటి పక్కనే ఉంది. దాని రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బల్బు ఆర్పాను, రెండూ బాగున్నాయి. వాడి మీద పంతంతో అటకెక్కించాను గానీ, ఆ బల్బొక్కటి నా బల్ల మీద వెలిగి ఉంటే బుధవారమే దొరికిపోయేది. ఆ ఆలోచన నచ్చలేదు. పక్కకు తోసేశాను.

సంగీతం క్లాసు నుంచి మా అమ్మాయి వచ్చింది.

"నాన్నా, తాతయ్యకి రేపు వినపడుతుందా? నిజం చెప్పు."

"నాదీ పూచీ. లైటు ఆర్పేస్తే చాలు, గుయ్ పోతుంది. చూడు." చూపించాను.

దాని కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే ఇప్పుడే వెళ్ళి చెప్దాం పద."

"వద్దు. రేపు చెప్తే బాగుంటుంది."

"ఎవరికి?"

"ఎవరితోనూ అనకు" అన్నాను.

ఆదివారం ఆరింటికల్లా హాలు నిండిపోయింది. మామగారు సోఫాలో, పక్కనే మనవరాలు. మా ఆవిడ, మరదలు, అత్తగారు కుర్చీల్లో. తళుకు చెమటలు కక్కుతూ పెద్ద టీవీని బల్ల మీదకెక్కించాడు. వాడు స్పీకర్లు సర్దుతుంటే నేను చల్లగా వెనక్కి వెళ్ళి నా పెట్టె వైరు ఆ టీవీకి తగిలించాను.

"అదెందుకన్నయ్యా?"

"ఉండనీ తమ్ముడూ. నీకేం అడ్డం?"

ఆరున్నర. మొదటి పిల్లాడు పాడాడు. స్పీకర్లకు కిటికీ అద్దాలు వణికాయి. మామగారు కాసేపు చూసి తల అడ్డంగా ఊపారు.

"మోతే. మిల్లులో ఉన్నట్టుంది."

తళుకు సౌండు సర్దుదామని రిమోట్ నొక్కాడు. నొక్కాడు. ఇంకా నొక్కాడు. టీవీ కదిల్తేనా! వాడి తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయింది. మా మరదలు, "ఏమైందండీ, తెచ్చేముందు చూసుకోలేదా?" అని సణిగింది. దాహమేసినప్పుడు చల్లటి నీళ్ళు దిగినట్టు ఆ సణుగుడు నా గొంతులో దిగింది. నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. రెండో పిల్ల పాట కూడా అయిపోయింది. నేను లేవలేదు. ఇంకొంచెం ఉడకనీ అనుకున్నాను.

మా అమ్మాయి పేరు చెప్పారు. అది నా వైపు చూసింది.

అప్పుడు లేచాను. "ఒక్క నిమిషం. అందరూ ఇటు చూడండి" అన్నాను, సభలో మాట్లాడినట్టు. "ఇన్నాళ్ళూ నా పెట్టె పాడైందన్నారు. దేనివల్ల పాడైందో ఇప్పుడు చూపిస్తాను."

టప్‌మని స్విచ్చి కట్టేశాను. గదంతా చీకటి, టీవీ వెలుగు తప్ప. సంచిలోంచి హెడ్‌ఫోన్ తీసి వెనక నుంచి మామగారి తలకు పెట్టబోయాను.

ఆయన నా మణికట్టు ఒడిసి పట్టుకున్నారు.

"ఎవరది? లైటెందుకు పోయింది? ఏమైంది?"

"నేనే మామయ్యగారూ, ఇది పెట్టుకోండి..."

"ఏమంటున్నారు? ఎవరన్నా చెప్పండి! ఎవరికేమైంది?" ఆయన లేచి నిలబడ్డారు. చీకట్లో ఒక్కొక్కరి మొహంలోకీ వంగి చూస్తున్నారు. చెయ్యి విదిలిస్తే హెడ్‌ఫోన్ ఎగిరి సోఫా వెనక పడింది. "లైటు! లైటు వెయ్యండి!"

"ముందు లైటు వెయ్యండి బాబూ!" అత్తగారు పరుగున వచ్చి స్విచ్చి వేసింది. "చీకట్లో ఆయనకేం తెలుస్తుంది? మన మూతులు కనపడాలి కదా!"

నేను నేలమీద పాకుతూ హెడ్‌ఫోన్ వెతుకుతున్నాను. తల మీద అత్తగారి గొంతు వినపడుతూనే ఉంది.

"మిల్లులో ఆ మోతలో వాళ్ళు మాట్లాడుకునేది పెదాలు చూసే కదా. మన మాటలన్నీ ఆయన అలాగే పట్టుకుంటాడు. ఆ పాత బల్బు కింద నా మొహమే కనపడేది కాదు ఆయనకి. ఈ కొత్త లైట్లొచ్చాకే సాయంత్రంపూట నాతో నాలుగు మాటలు మాట్లాడుతున్నాడు."

'చిన్నల్లుడు నా కన్ను' అని ఆయన ఎందుకన్నారో నేను ఒక్కసారైనా అడగలేదు.

హెడ్‌ఫోన్ దొరికింది. తళుకు ఆయనకు ఎదురుగా కూర్చుని, పెదాలు కదిలిస్తూ, చేతులతో చూపిస్తూ విషయం చెప్పాడు. ఆయన తలూపి కూర్చున్నారు. లైటు ఆర్పారు. హెడ్‌ఫోన్ పెట్టాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. మొహం విచ్చుకుంది.

"చప్పట్లు" అన్నారు. "ఎంత బాగా వినపడుతున్నాయో."

పాట అయిపోయింది. నాలుగో పిల్లాడు మైకు ముందుకు వస్తున్నాడు.

అత్తగారు మళ్ళీ లైటు వేసింది. తళుకే ముందు తేరుకున్నాడు.

"బల్బు వల్లేనా అన్నయ్యా? అయ్యో! ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇప్పుడే" అన్నాను.

"ఇప్పుడు కాదు" అంది మా అమ్మాయి. ఏడవలేదు. అరవలేదు. "నిన్న కొట్లో నాకు చూపించావు కదా నాన్నా. ఇప్పుడే వెళ్ళి చెప్దామంటే రేపు బాగుంటుందన్నావు."

మామగారు దాని పెదాలే చూస్తున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"శుక్రవారం నేను అది తీసుకుపొమ్మన్నాను. అప్పటికి నీకు తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆయన నా నోరే చూస్తున్నారు.

"తెలుసు మామయ్యగారూ."

"అయితే ఈ రెండు రోజులు నేను చెవిటివాణ్ణి అయింది మిల్లు వల్ల కాదు."

హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నన్ను చూసిన చూపు గురించి చెప్పను. గది మధ్యలో నిలబడి, మునిగేవాడు చేతికందింది పట్టుకున్నట్టు, నాకు వచ్చిన ఒక్క పనినీ పట్టుకున్నాను.

"కొట్లో మైకుంది" అన్నాను. "దాన్ని పెట్టెకు తగిలిస్తే, అమ్మాయి ఇక్కడే పాడొచ్చు. సూటిగా ఆయన చెవిలోకే వస్తుంది. పది నిమిషాలు."

"నడిచివెళ్తే ఇరవై" అన్నాడు తళుకు, స్కూటర్ తాళాలు తీస్తూ. "ఎక్కన్నయ్యా."

వాడి వెనక కూర్చున్నాను. అంతకన్నా శిక్ష ఇంకేం కావాలి? మొదటి మలుపు తిరిగాం.

"శుక్రవారమే చెప్పుంటే నేనే ఆర్పేవాణ్ణి కదన్నయ్యా" అన్నాడు వాడు ముందుకు చూస్తూనే.

"తెలుసు."

"నీ పెట్టె వచ్చాక ఆయన నన్ను పట్టించుకోవడమే మానేశాడు. ఎప్పుడెళ్ళినా పెద్దల్లుడు ఇలా, పెద్దల్లుడు అలా. ఒకటే పొగడ్త. నాకు నిద్రపట్టేది కాదు. ఎనిమిది బల్బులు ఊరికే బిగించాననుకున్నావా?"

"గుంత చూసుకో" అన్నాను.

మైకు, వైరు తీసుకుని వచ్చాం. అమ్మాయికి మైకు ఇచ్చి మామగారి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాను. చిక్కల్లా లైటుతోనే. వేస్తే గుయ్, తీస్తే ఆయనకు దాని మొహం కనపడదు. చీకట్లో ఆయన కూర్చోనంటే కూర్చోనన్నారు.

"నేను పాట వింటాను. అది పాడటం కూడా చూస్తాను. రెండూ కావాలి."

తళుకు బల్బు విప్పి, పొడుగాటి వైరున్న హోల్డరుకు తగిలించి చేత్తో పట్టుకున్నాడు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆయన సోఫాలో కూర్చున్నాను.

"ఎడమకి జరుగు... కీచుమంటోంది... ఇంకా వెనక్కి."

"గోడుందన్నయ్యా."

"గోడకి ఆనుకో. కిందకి. నా తల వెనక్కి. ఆ... ఇంకొంచెం... ఆగు!"

గుయ్ పోయింది. నుదుటి మీద కిటికీకి బల్బు కనపడట్లేదు. బల్బు వెలుగు మాత్రం నా భుజాల మీంచి వెళ్ళి సూటిగా అమ్మాయి మొహం మీద పడుతోంది. దాని కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు.

"కదలకు" అన్నాను.

"కదిలితే ఒట్టు."

మామగారు కూర్చున్నారు. హెడ్‌ఫోన్ సర్దుకున్నారు. వేలు ఎత్తారు. అమ్మాయి పాడింది.

మొదటి చరణం అయ్యేదాకా ఆయన ఊపిరి పీల్చిన జాడ లేదు. రెండో చరణంలో ఆయన కుడిచెయ్యి మోకాలి మీద మెల్లగా తాళం వెయ్యసాగింది. కాస్త వెనకబడుతూ, మళ్ళీ అందుకుంటూ. పాట ఆగింది. అందరం ఆయన మొహమే చూస్తున్నాం. నన్ను చూస్తారా, వాణ్ణి చూస్తారా అని, ఆ క్షణంలో కూడా, నేను చూస్తున్నాను.

ఆయన ఇద్దర్నీ చూడలేదు.

"చివర్లో గొంతు కొద్దిగా జీరపోయింది" అన్నారు మనవరాలితో. "మంచినీళ్ళు తాగి మళ్ళీ పాడు."

అది కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు కూడా మైకులోంచి వెళ్ళినట్టుంది, ఆయన ఉలిక్కిపడి, తర్వాత తనూ నవ్వారు.

"అన్నయ్యా" వెనకనుంచి తళుకు గుసగుసలాడాడు. "చెయ్యి లాగేస్తోంది. ఈ పాటకి నువ్వు పట్టుకుంటావా?"

వెనక్కి వెళ్ళి హోల్డరు అందుకున్నాను. వాడి బల్బు మొదటిసారి నా చేతిలో వెలుగుతోంది. జారిపోకుండా రెండో చెయ్యి దాని మొదట్లో వేశాను, కాలుతుందని భయపడుతూనే. కాల్లేదు. గోరువెచ్చగా ఉంది. నా బల్బయితే ఈపాటికి చెయ్యి బొబ్బలెక్కి ఉండేది.

ఆ సంగతి మాత్రం వాడికి చెప్పలేదు.